హిస్టరీ షీటు నుంచి వేలిముద్ర దాకా

వట్లూరులో రేషను షాపుకు వెళితే డీలరు దగ్గర ఒక చిన్న యంత్రం ఉంటుంది. కార్డు నెంబరు కొట్టి వేలు పెట్టమంటాడు. మీ వేలిముద్రను సరిపోల్చేది ఆ యంత్రం కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఆధార్ కంప్యూటర్లు ఆ పని చేస్తాయి. పది వేళ్ళ ముద్రలు, రెండు కళ్ళ ఐరిస్ చిత్రాలు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ అక్కడ భద్రపరచి ఉంటాయి. మరి ఇంత తెలిసినవారికి హద్దు గీసేదెవరు? ‘ఇది నా సొంత సంగతి’ అనే హక్కు మనకు ఉన్నదా?

ఉన్నదని 1962లోనే మన గోదావరి ఒడ్డున పుట్టిన ఒక న్యాయమూర్తి వ్రాశారు. ఆ మాట అప్పుడు నెగ్గలేదు.

ఆయన పేరు కోకా సుబ్బారావు. వట్లూరులో రైలెక్కి ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటి గోదావరి వంతెన మీదుగా వెళితే వచ్చే రాజమహేంద్రవరంలో 1902లో జన్మించారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

అక్కడికి ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసి కేసు వచ్చింది. 1941లో అతన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కాని పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా, రాత్రివేళ తలుపు తట్టటం, ఎక్కడికి పోతున్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు, సంపాదన ఎంత అని ఆరా తీసి వ్రాసుకోవటం. కేసు విన్నది ఆరుగురు న్యాయమూర్తులు. రాత్రి తలుపు తట్టటం తప్పని అందరూ ఒప్పుకున్నారు. మిగిలినదంతా చెల్లుతుందనీ, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ నలుగురు అన్నారు. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్లు కాదు, అడుగడుగునా చూపులు వెంటాడితే అతనికి దేశమంతా జైలే అవుతుందని సుబ్బారావు వాదించారు. ఎవరైనా గమనిస్తున్నారని తెలిస్తే మన నడక మారుతుంది కదా! పరీక్ష హాలులో మాస్టారు పక్కన నిలబడితే కలం ఎలా తడబడుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ఖరక్ సింగ్ సంగతులు వ్రాసింది కాగితం మీద. కంప్యూటరు వచ్చాక కథ మారింది. మీ బడిలో 800 మంది ఉన్నారనుకోండి. పేరు చెప్పకుండా పుట్టినరోజు ఒక్కటే చెబితే, 800ను 365తో భాగించి చూడండి, సగటున ఇద్దరే మిగులుతారు. దానికి తరగతి కూడా కలిపితే చాలాసార్లు ఒక్కరే మిగులుతారు. పేరు తీసివేసినా మనిషి దొరికిపోతాడన్నమాట. విడివిడిగా ఉన్న చిట్టాలను కంప్యూటరు క్షణంలో కలుపుతుంది.

ఈ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టింది జర్మనీలోని హెస్సె రాష్ట్రం. 1970లో ప్రపంచంలోనే మొదటి సమాచార రక్షణ చట్టం చేసింది. దానిని కాపాడే అధికారిగా 1971లో విల్లీ బిర్కెల్‌బాఖ్‌ను నియమించారు. ఆయన హిట్లరు కాలంలో జైలుకు వెళ్ళినవాడు, 1949 నుంచి 1964 దాకా పార్లమెంటు సభ్యుడు. ప్రభుత్వం చేతిలో చిట్టా ఎంత పని చేయగలదో అనుభవించినవాడికే ఆ తాళంచెవి అప్పగించటం నాకు చాలా నచ్చింది. సుబ్బారావు దారి మాత్రం తిరుగుదారి. ప్రధాన న్యాయమూర్తి పదవిని 1967లో వదులుకుని, ప్రతిపక్షాల తరపున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. 1976లో కన్నుమూశారు.

2012లో కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు చెప్పినదే సరైనదన్నారు. ఆధార్ మాత్రం కొన్ని పరిమితులతో 2018లో నిలిచింది, అందుకే రేషను షాపులో యంత్రం అలాగే ఉంది.

2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. దీని ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫిర్యాదులు వినటానికి ఒక బోర్డు ఉంటుంది. అయితే ఆ బోర్డు సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. తన సంస్థల్లో కొన్నిటికి చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారం కూడా దానికే ఉంది. ఖరక్ సింగ్ తలుపు తట్టినవారు ప్రభుత్వోద్యోగులే కనుక ఈ మినహాయింపు మీద వాదోపవాదాలు బలంగా సాగుతున్నాయి.