ఇంట ఓడి రచ్చ గెలిచాడు

క్లిఫ్ యంగ్ కథ మీ ఫోనుకు ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఆస్ట్రేలియాలో బంగాళదుంపలు పండించే 61 ఏళ్ల రైతు, గంబూట్లేసుకుని వచ్చి, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా 875 కిలోమీటర్ల పరుగులో కుర్రాళ్లను ఓడించాడని. రాత్రిళ్లు పడుకోవచ్చని పాపం ఆయనకు తెలియదట, అందుకే గెలిచాడట!

గెలిచిన మాట నిజం. 1983లో, 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో. రోజుకు సుమారు 155 కిలోమీటర్లు! తెలియక గెలిచాడన్నదే కట్టుకథ. ఆయనా పడుకున్నాడు. మొదటి రాత్రి సహాయకులు టైం పొరబడి ముందే లేపేశారు. లేచినవాడు మళ్లీ పడుకోకుండా చీకట్లోనే బయల్దేరాడు. లేపడం వరకు అదృష్టమే. ఆ తర్వాత రోజుల తరబడి ఎవరికీ అందకుండా ఉండటాన్ని అదృష్టమంటే నేనొప్పుకోను.

అసలు చెప్పుకోవాల్సింది అంతకు ముందు ఏడాది గురించి. 1982లో 1,000 మైళ్ల ప్రపంచ రికార్డు కొట్టాలని పూనుకున్నాడు. నెలల తరబడి ఆట్వే కొండల్లో సాధన చేశాడు. తన ఊరు బీచ్ ఫారెస్ట్‌కు దగ్గర్లోని కొలాక్ పట్టణంలో పరుగు మొదలుపెట్టాడు. 805 కిలోమీటర్ల దగ్గర, అంటే ఆ 1,000 మైళ్లలో సగం దగ్గర, ఇక సాగలేదు. అదీ తెలిసినవాళ్ల మధ్య, అరవై ఏళ్ల వయసులో. 'ఈ వయసులో నీకెందుకయ్యా' అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు కదా.

తనకూ తన బృందానికీ అనుభవం లేదు, ఏర్పాట్లు చాల్లేదు అని తేల్చుకున్నాడు. లెక్క చూడండి: 805 పరుగెత్తిన కాళ్లకు 875 ఎంత దూరం?

మనం ఇక్కడే తప్పులో కాలేస్తాం. గ్రూప్స్ పరీక్ష నాలుగు మార్కులతో పోతే 'నాకు చదువబ్బదు' అనేస్తాం. పెట్టిన కొట్టు మూతపడితే 'వ్యాపారం మా రక్తంలో లేదు' అంటాం. కాస్త ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: తక్కువైంది సరుకా, సర్దుబాటా? పుస్తకం పట్టుకున్న గంటలు సరిపోలేదా, లేక పరీక్షలో చివరి ముప్పై ప్రశ్నలకు టైం మిగల్లేదా? రెండోదైతే మీరు మారక్కర్లేదు, గడియారం మారాలి. కాగితం మీద రాసి చూడండి. మనసులో వేసే లెక్క ఎప్పుడూ మనల్నే తిడుతుంది.

క్లిఫ్ పరుగు కూడా చూడముచ్చటగా ఉండేది కాదు. పాదాలు నేల నుంచి పెద్దగా లేపకుండా ఈడ్చినట్టే వెళ్లేవాడు. శక్తి ఆదా. దానికి 'యంగ్ షఫుల్' అని పేరే పడింది. పక్కవాడి నడక చూసి మీ నడక మార్చుకోబోయే ముందు ఇది గుర్తు చేసుకోండి.

ఆ గెలుపు తర్వాత కూడా అన్నీ కలిసిరాలేదు. 1997లో, 75 ఏళ్ల వయసులో, ఇల్లు లేని పిల్లల కోసం విరాళాలు సేకరిస్తూ ఆస్ట్రేలియా చుట్టూ 16,000 కిలోమీటర్లు పరుగెత్తబోయాడు. 6,520 దగ్గర సహాయకుడికి జబ్బుచేసి ఆపేయాల్సి వచ్చింది.

ఈసారి ఆ రైతు కథ ఎవరైనా పంపితే, దయచేసి కొలాక్ సంగతి కూడా కలిపి ముందుకు పంపండి.