పర్మిట్ లేని దుంగ

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఎన్‌కే కణాలు పెంచే పొడి అని ఒకాయన అమ్ముతున్నాడు. వాడొచ్చా డాక్టరు గారూ?
– ఓ పాఠకురాలు, ఏన్కూరు

జవాబు: ముందు ఈ ఎన్‌కే కణాల సంగతి చూద్దామమ్మా. ఇవి ఒక రకం తెల్లరక్తకణాలు. 1975లో స్వీడన్‌లో కీస్లింగ్ అనే శాస్త్రవేత్త బృందం వీటికి సహజ హంతక (నేచురల్ కిల్లర్, అంటే ఎన్‌కే) కణాలని పేరు పెట్టింది. మన కణాల మీద ‘నేను మీవాణ్నే’ అని చెప్పే గుర్తులుంటాయి. టి కణాలనే ఇంకో రకం రక్షక కణాలకు దొరక్కుండా కొన్ని క్యాన్సర్ కణాలు ఈ గుర్తులను దాచేస్తాయి. ఎన్‌కే కణానికి అనుమానం వచ్చేది సరిగ్గా అక్కడే. మీ వైపు ఫారెస్టు గార్డుకు పర్మిట్ లేని టేకు దుంగ కంటబడ్డట్టన్నమాట! అప్పుడు ఎన్‌కే కణం పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో క్యాన్సర్ కణం పొరకు చిల్లు పొడిచి, గ్రాంజైములనే ఎంజైములను లోపలికి పంపి చంపేస్తుంది. అయితే ముదిరిన గడ్డ వీటినీ నీరసపరుస్తుంది. అమ్మగారిది హెర్2 పాజిటివ్ రకం క్యాన్సరైతే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఈ కణాలను గడ్డ మీదికి ఉసిగొల్పుతుంది. పొడితో ఆ పని అవుతుందని నేను నమ్మను. ఆ డబ్బు హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి బస్సు చార్జీలకు ఉంచండి.