పోటీ పరీక్షల ప్రత్యేకం: ఐడియళ్ల గొలుసు – ఎడమా, కుడా?

ఐడియళ్ల ఆరోహణ గొలుసులన్నీ ఎక్కడో ఒకచోట ఆగిపోతే ఆ వలయం నోథేరియన్ (ఎమ్మీ నోథర్, 1921). అవరోహణ గొలుసులు ఆగితే ఆర్టీనియన్ (ఎమిల్ ఆర్టిన్, 1927). పూర్ణాంకాలు నోథేరియనే కానీ ఆర్టీనియన్ కావు: 2, 4, 8, 16 గుణిజాల గొలుసు దిగుతూనే పోతుంది.

అసలు చిక్కు వినిమయ ధర్మం లేని వలయాల్లో: అక్కడ ఎడమ ఐడియళ్లు, కుడి ఐడియళ్లు వేరువేరు కావచ్చు. 2×2 ఊర్ధ్వ త్రిభుజ మాత్రికలు తీసుకోండి. పై ఎడమ మూలలో పూర్ణాంకం, మిగతా రెండు చోట్ల అకరణీయ సంఖ్యలు. ఈ వలయం కుడివైపు నోథేరియన్, ఎడమవైపు కాదు. పై కుడి మూలలో 1/2 గుణిజాలు, తర్వాత 1/4, 1/8 గుణిజాలు... ఎడమ ఐడియళ్లు పెరుగుతూనే ఉంటాయి. ఈ ఒక్క ఉదాహరణ చేత్తో వేసి చూస్తే పది నిర్వచనాలు బట్టీ పట్టక్కర్లేదు.

హాప్కిన్స్–లెవిట్స్కీ సిద్ధాంతం (1939): గుణకార తత్సమం ఉన్న కుడి ఆర్టీనియన్ వలయం కుడి నోథేరియన్ కూడా. 'తత్సమం' షరతు మరిచిపోతే మార్కు పోయినట్టే.

బాపులపాడు అభ్యర్థులకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు. బాపులపాడు మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ దాటితే 1976లో ఏర్పడ్డ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన భవనారి సత్యనారాయణ నియర్-రింగ్‌ల (వలయ నియమాలు కొన్ని సడలించిన నిర్మాణాల) మీద, పరిమిత గోల్డీ పరిమాణం మీద పరిశోధించారు. శూన్యేతర ఉపమాడ్యూళ్ల అనంత ప్రత్యక్ష మొత్తం లేకపోవడమే ఆ పరిమితత్వం. నోథేరియన్ మాడ్యూళ్లన్నిటికీ అది ఉంటుంది.