వాల్‌నట్స్ తింటే ఫ్యాటీ లివర్ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా కాల్స్ అయి పడుకునేసరికి రాత్రి రెండవుతుంది. చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, ట్రైగ్లిజరైడ్స్ 240 అని వచ్చింది. మా అత్తగారు బేగంబజార్ నుంచి కిలో అక్రోట్లు (వాల్‌నట్స్) తెచ్చారు. మెదడులా ఉంటాయి కాబట్టి మెదడుకూ మంచివంటున్నారు. రోజుకు ఎన్ని తినాలి? నానబెట్టాలా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: ఈ సమస్య మీ ఒక్కరిదే కాదు. మీ ఆఫీసుల పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిన లెక్క ఇది. దీనికి అసలు మందు బరువు తగ్గడమే. ఉన్న బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయం తేలికపడుతుంది. ఆ పని వాల్‌నట్ చేసిపెట్టదు.

గుండెకు మాత్రం మేలే. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలో, మధ్యధరా భోజనంతోపాటు రోజూ 30 గ్రాముల గింజలు, అందులో సగం వాల్‌నట్సే, తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువ. అయితే వాళ్లు తిన్నవి గింజలొక్కటే కాదు, మొత్తం భోజనం తీరే వేరు. వృద్ధులపై రెండేళ్లు చేసిన మరో పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ సగటున నాలుగు పాయింట్లే తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న ఆ వృద్ధుల జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మెదడు పోలిక మీ అత్తగారు కనిపెట్టిందేం కాదు. 1657లోనే విలియం కోల్స్ అనే ఇంగ్లిష్ మూలికల పండితుడు ఇదే రాశాడు. మధ్య ఆసియా కొండల నుంచి కాశ్మీర్ దాకా పెరిగే ఈ చెట్టుకు మన తలకాయతో చుట్టరికం ఏమీ లేదు!

రోజుకు ఏడెనిమిది చెక్కలు, అంటే నాలుగు కాయల పప్పు, చాలు. దాదాపు 100 క్యాలరీలు. సాయంత్రం పఫ్, మిర్చి బజ్జీ మానేసి వాటి బదులు తినండి. బజ్జీ తిని పైన ఇవీ తింటే బరువు పెరుగుతుంది. నానబెడితే వగరు కాస్త తగ్గుతుంది, అంతే. కిలో సరుకు బయట ఉంటే నూనె కంపు కొడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. అవి అయిపోయాక మళ్లీ కొనలేకపోతే బెంగపడొద్దు. వాల్‌నట్‌లోని ఒమేగా-3 అవిసె గింజల్లో ఇంకా ఎక్కువ, ధర చాలా తక్కువ. రోజూ ఒక చెంచా పొడి అన్నంలో కలుపుకోండి.

మద్యం అలవాటుంటే మానండి. మూడు నెలల తర్వాత పరగడుపున లిపిడ్ ప్రొఫైల్ చేయించి, ఆ రిపోర్టుతో ఫిజీషియన్‌ను కలవండి.