మంచం పట్టినవారికి సహవాసం
(ధ్యానభాగం: యోహాను సువార్త 15వ అధ్యాయం)



ద్రాక్షావల్లిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మీకు తెలుసు. మన ఎర్రుపాలెం పల్లెల్లో ద్రాక్షతోట చూసినవారు తక్కువ గాని బీరపాదు ఎరుగనివారు లేరు. పందిరి కింద తీగె తెగితే ఉదయం పచ్చగానే కనబడుతుంది, మధ్యాహ్నానికి వాడుతుంది. సంఘానికి దూరమైన విశ్వాసికి కూడా మొదట్లో ఏమీ తెలియదు.

టి.బి. రోగులలో దీన్ని ఎక్కువగా చూస్తున్నాము. సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేసేవారున్నారు. గుడికి వెళ్ళడం మానేది మాత్రం సిగ్గుతో. "నన్ను చూసి జరిగి కూర్చుంటున్నారమ్మా" అని ఒక తల్లి మాతో అన్నది. ఆమె కీర్తన చదివి వినిపించమని అడిగేది. ఇంజెక్షన్లు, రికార్డులు అయ్యాక వస్తామని చెప్పి నాలుగు రోజులు వెళ్ళలేదు. ఐదో రోజు ఆమె అడగలేదు. అది మా తప్పే.

చదువు రాదని బాధపడేవారికి ఒక మాట. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారి కాలంలో పల్లె సంఘస్థులలో చాలామందికి అక్షరాలు రావు. పగలంతా పొలం పని చేసి, రాత్రి ఉపదేశకుని చుట్టూ కూర్చుని ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, బైబిలు కథలు కంఠస్థం చేసేవారు. వాక్యం వారికి చెవి ద్వారా, పదిమంది మధ్యలోనే అందింది. ఒంటరిగా మంచం మీద ఉన్నవారికి ఆ పదిమందే లేరు.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. అతడు ఏమని ప్రార్థించాడో అక్కడ వ్రాయబడలేదు. ప్రభువు వారి విశ్వాసం చూచెనని మాత్రం ఉన్నది.

కాబట్టి సంఘ పెద్దలారా, పరామర్శకు గుంపుగా వెళ్ళవద్దు. ఇద్దరు, పావుగంట చాలు. గాలి ఆడే వసారాలో కూర్చోండి. రోగి దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. కంచం, గ్లాసు ద్వారా టి.బి. అంటదు, వాటిని వేరు చేసి మనసు నొప్పించకండి. మందులు సరిగా వాడేవారి నుండి అంటే భయం కొన్ని వారాలలోనే బాగా తగ్గుతుంది, గుడికి ఎప్పుడు రావచ్చో డాక్టరుగారు చెబుతారు. ఒక కీర్తన చదవండి. లేచేముందు ఈ రోజు మాత్రలు వేసుకున్నారా అని కూడా అడగండి.

వార్డులో ఉండి సాయంత్రం ప్రార్థనకు లేవలేనివారు సిస్టరుతో చెప్పండి. మీ మంచం దగ్గరకే వస్తాము. ఈసారి రికార్డులే ఆగుతాయి.