మంచుసీమలో రెక్కలు లేని ఈగ

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున హయత్‌నగరము దాటిన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. ఆ ప్రాంతమున రాతిగుట్టలును, నడుమ నడుమ చెరువులును కలవు. సాయంకాలము చెరువుకట్టపై నడచువారి తలమీద దోమలవంటి చిన్న పురుగులు గుంపులుగా ముసురుకొనును. మనము చేతితో తోలుకొందుము గాని అవి కుట్టవు. చెరువు అడుగు బురదను చేతికెత్తి చూచినచో సన్నని ఎఱ్ఱని పురుగులు మెలికలు తిరుగుచు కనిపించును. అవియే వీని పిల్లలు. వాని ఎఱుపునకు కారణము మన రక్తమునందున్నట్టి హిమోగ్లోబిన్ అను పదార్థమే. ప్రాణవాయువు తక్కువగానున్న బురదలో బ్రతుకుటకు అది తోడ్పడును. ఈ వంశమును శాస్త్రజ్ఞులు కైరోనోమిడే అందురు.

బాలలారా! ఈ వంశమునకు చెందిన జ్ఞాతి యొకటి భూమికి దక్షిణపు కొనను, అంటార్కిటికా ఖండమున ఉన్నదని చెప్పిన మీరు నమ్ముదురా? దాని పేరు బెల్జికా అంటార్కిటికా. 1897లో బెల్జియము దేశస్థులు బెల్జికా అను ఓడలో దక్షిణ ధ్రువ సముద్రమునకు పోయిరి. ఓడ మంచులో చిక్కుకొనగా శీతకాలమంతయు అచ్చటనే గడపి, 1899లో తిరిగి వచ్చిరి. ఆ ఓడలోని ఎమీల్ రాకోవిట్సా అను రొమేనియా ప్రకృతిశాస్త్రజ్ఞుడు సేకరించిన జీవులలో ఈ పురుగు కూడ ఉన్నది. 1900లో దానికి ఓడపేరే పెట్టిరి.

నువ్వుగింజంత పురుగు, పొడవు రెండు మొదలు ఆరు మిల్లీమీటర్లు. అయినను ఆ ఖండమున పుట్టి, నేలమీదనే బ్రతుకు సాగించు స్వదేశీ జంతువులలో దీనికంటె పెద్దది లేదు. పెంగ్విన్లు, సీళ్లు ఉన్నవి గదా యందురేమో! అవి సముద్రమున మేసి ఒడ్డున విశ్రమించునవి.

చలి జీవిని ఎట్లు చంపునో ముందుగా తెలిసికొనవలెను. దేహకణములలోని నీరు గడ్డకట్టి, మంచు సూదులై కణపు పొరలను చీల్చును. అందువలన కొన్ని కీటకములు తమ దేహరసమును గ్లిసరిన్ వంటి పదార్థములతో చిక్కపరచుకొనును. బెల్లపు పాకము నీటివలె త్వరగా గడ్డకట్టదు, ఇదియు నట్టిదే. బెల్జికా పిల్లపురుగు మరియొక యుపాయము నెఱుగును. చుట్టునున్న మంచు దాని దేహములోని నీటిని లాగికొనుచుండగా అది ఎండిపోవును. నూటికి డెబ్బది పాళ్ల నీరు పోయినను చావదు. నీరు తగిలినచో మరల కదలును. లోపల నీరు తక్కువైనచో గడ్డకట్టునది ఏమున్నది? మన యింటి మిద్దెపై వడియములకు ఎండ చేయు పనిని దానికి చలి చేయుచున్నది. ట్రెహలోజ్ అను చక్కెరయు, చెడిపోబోవు మాంసకృత్తులను సరిచేయు ప్రత్యేక మాంసకృత్తులును దాని కణములను కాపాడుచుండును.

దాని ఆయుర్దాయము రెండేండ్లు. అందులో దాదాపు అంతయు పిల్లపురుగుగానే, నాచు, కుళ్లిన పదార్థములు తినుచు మట్టిలోనే గడచును. రెక్కలు లేని పెద్ద పురుగు వేసవిలో వెలువడి, జతకట్టి, గ్రుడ్లు పెట్టి, పది దినములలోపుగా మరణించును. అచ్చట గాలి అత్యంత తీవ్రము. రెక్కలున్న పురుగును సముద్రములోనికి కొట్టుకొనిపోవును. మదీరా ద్వీపములోని రెక్కలు లేని పెంకుపురుగులను గూర్చి డార్విన్ మహాశయుడు 1859లో ఇట్టి తర్కమునే చెప్పెను.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. నేను తెలుగు పండితుడను. ఒకనాడు విజ్ఞానోపాధ్యాయుడు సెలవులో నుండగా ఆ తరగతికి పోయి, “ఎగురవలసిన అవసరము లేక పురుగు రెక్కలు పోగొట్టుకొన్నది, ఆ మార్పు పిల్లలకు వచ్చినది” అని ధీమాగా చెప్పితిని. వెనుక వరుసలోని గొల్లపిల్లవాడొకడు లేచి, “అయ్యగారూ! గుర్తుకొఱకు మా తాత మేకల చెవులు కోయును. వాని తాతల చెవులును కోసినవే. పిల్లలు మాత్రము నిండు చెవులతోనే పుట్టుచున్నవి గదా!” అనెను. తరగతి నవ్వినది. నేను సమాధానము చెప్పలేక కూర్చుండుమంటిని. ఇంటికి పోయి చదివిన తరువాత పిల్లవాడే సరియని తెలిసినది. ఏ పురుగును కోరుకొని మారదు. పుట్టుకతోనే కొన్నిటికి రెక్కలు చిన్నవి, కొన్నిటికి పెద్దవి. గాలి పెద్ద రెక్కల వానిని ఎత్తుకొనిపోవగా మిగిలినవే సంతానమును కనును. ఇట్లు తరములు గడవగా జాతియే మారును. మఱునాడు తరగతిలో ఆ బాలుని పేరు చెప్పి పాఠము సరిదిద్దితిని.

ఇంకొక విశేషము. ఒకప్పుడు అంటార్కిటికా మంచుసీమ కాదు. భారతదేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కూడి గోండ్వానా అను మహాఖండములో భాగమై అడవులతో నిండియుండెను. మన గోండుల నేల పేరే ఆ ఖండమునకు పెట్టబడినది. ఖండములు విడిపోయి, సుమారు మూడు కోట్ల నలుబది లక్షల సంవత్సరముల క్రిందట అచ్చట పెద్ద మంచుపొరలు ఏర్పడసాగెను. ఈ పురుగు పూర్వులు అంతకు ముందే ఆ ప్రాంతముల నుండెనని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. అట్లయినచో పురుగు చలికడకు పోలేదు; చలియే పురుగు కడకు వచ్చినది.

ఈ జీవి ఆ ఖండపు పశ్చిమమున ద్వీపకల్ప ప్రాంతమునందే కలదు. భారతదేశపు మైత్రి, భారతి కేంద్రములు తూర్పు దిక్కున నున్నవి. హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మట్టినుండి చలినోర్చు సూక్ష్మజీవులను తెచ్చి పరిశీలించిరి.

ఉత్తర ధ్రువపు జూలుగొంగళి యొకటి మైనస్ అరువది డిగ్రీలను సైతము ఓర్చి, చిలుక యగుటకు ఏడేండ్లు వేచియుండును. బెల్జికాకు అంత చలి పడదు. అది మంచు దుప్పటి క్రింద మైనస్ అయిదు డిగ్రీల ప్రాంతమున నిద్రించును. వెచ్చదనము పెరిగిన దానికి మేలే కదా యని మనకు తోచును. 2022లో ప్రకటింపబడిన ప్రయోగమొకటి వేరుగా చెప్పినది. పిల్లపురుగులను ఆరు నెలలపాటు మైనస్ అయిదు, మైనస్ మూడు, మైనస్ ఒకటి డిగ్రీలలో వేర్వేరుగ ఉంచిరి. అన్నిటికంటె వెచ్చని చోటివే ఎక్కువగా చచ్చినవి. మిగిలినవి బలహీనపడి, కదలుట తగ్గినది. చలి తగ్గగా దేహపు మంట ఆరక, వేసవి కొఱకు దాచుకొన్న క్రొవ్వు మొదలగు నిల్వలు శీతకాలముననే కరగిపోయినవి. మేత దొరకు వేసవి వచ్చుటకు ఇంకను నెలలున్నవి.