పట్టు వదలని ముందు బ్రేకు: షెడ్డులో నేర్చుకున్న పాఠాలు

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్‌లో పాత జిప్సీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1985లో మన రోడ్ల మీదికి వచ్చిన బండి అది. ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు చక్రాలకూ కమాన్లు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇలాంటి ఫోర్ వీల్ బండ్లకు వయసు మీద పడ్డాక తరచూ వచ్చే జబ్బు ముందు బ్రేకు పట్టేయడం. పెడల్ వదిలేసినా ప్యాడు డిస్కును వదలదు. మా షెడ్డుకు ఈ జబ్బుతో వచ్చే బండ్లలో చాలావాటికి అప్పటికే ప్యాడ్లు మార్చేసి, కాలిపర్ కిట్లు వేసేసి ఉంటారు. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఈ పని నేర్చుకుంటున్న పిల్లల కోసమూ, సొంత బండిని ప్రేమగా చూసుకునే వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

1. చల్లారిన బండిలో జబ్బు దొరకదు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే చక్రాలు హాయిగా తిప్పుతుంది. చూసినవాడు "బాగానే ఉంది కదా" అంటాడు. పది కిలోమీటర్లు పోయాక, నాలుగైదు సార్లు బ్రేకు కొట్టాక పట్టు మొదలవుతుంది. కాబట్టి బండి మీరే నడపండి. పట్టేసిందని తెలియగానే వీలైనంతవరకూ గేరుతోనే వేగం తగ్గించి, సమతలం మీద ఆపండి. పట్టు ఉన్న ఆ పది నిమిషాల్లోనే అసలు పరీక్షలు జరగాలి. స్పానర్లు, జాకీ, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, కళ్లద్దాలు బండిలోనే పెట్టుకుని వెళ్లండి.

2. ఏ చక్రమో తేల్చుకోండి. ఎడమ బ్రేకు పట్టేస్తే పెడల్ తొక్కకపోయినా స్టీరింగ్ ఎడమకు లాగుతుంది. తొక్కినప్పుడు మాత్రమే ఎడమకు పోతోందంటే, కుడివైపు కాలిపర్ సరిగా పని చెయ్యడం లేదేమో చూడాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని బాగున్న వైపు విప్పేసిన వాళ్లు ఎందరో. తర్వాత వేడి. చెయ్యి డిస్కుకు తగిలించవద్దు, చర్మం ఊడిపోతుంది. రిమ్ముకు దగ్గరగా అరచెయ్యి పెట్టి రెండు వైపులా పోల్చండి. డిస్కు కంటే హబ్బు మధ్యభాగమే ఎక్కువ కాలుతుంటే అది బ్రేకు కాకపోవచ్చు, మరీ బిగించిన బేరింగు కావచ్చు.

3. ఇది ఫోర్ వీల్ బండి అన్న సంగతి జాకీ ఎత్తినప్పుడు గుర్తుండాలి. ట్రాన్స్‌ఫర్ గేరు టూ వీల్‌లో పెట్టండి. ఫ్రీవీలింగ్ హబ్బులు ఉంటే వదిలించండి. లేకపోతే మీరు చక్రంతో పాటు యాక్సిల్‌నూ, డిఫరెన్షియల్ నూనెనూ, షాఫ్టునూ కూడా తిప్పుతున్నట్టే. ఆ బరువంతా బ్రేకు మీద వెయ్యకండి. ప్యాడు డిస్కుకు కాస్త రాసుకుని సన్నగా శబ్దం రావడం మామూలే. రెండు చేతులతో తిప్పినా చక్రం ఒక్క చుట్టు రాకపోతే అది పట్టు.

4. పై నుంచి కిందికి రండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. అందరూ చక్రం దగ్గర మొదలుపెడతారు. అక్కడ నిపుల్ వదలగానే ఒత్తిడి పోయి చక్రం తిరిగేస్తుంది. దాంతో పైన ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం కూడా పోతుంది. కాలవలో నీరు ఎక్కడ ఆగిందో చూడాలంటే తూము దగ్గర నుంచి నడుచుకుంటూ వస్తాం. ఇక్కడా అంతే.

ఇంజను ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టి, పట్టు ఉండగానే ముందుగా మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించిన నట్లు రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. చక్రం తిరిగిందా, తప్పు పెడల్ వైపు ఉంది: పుష్ రాడ్ పొడుగైంది, లేదా పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. తిరగలేదా, నట్లు మళ్లీ బిగించి, మాస్టర్ సిలిండర్ నుంచి ముందు చక్రాలకు వెళ్లే గొట్టం నట్టు కాస్త వదలండి. ఇప్పుడు తిరిగితే మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ ఆగిపోతోంది. అప్పటికీ తిరగకపోతే ఛాసిస్ దగ్గర ఇనుప గొట్టం, రబ్బరు హోసు కలిసే చోట వదలండి. అక్కడ తిరిగితే ఇనుప గొట్టం ఎక్కడో నలిగింది. అక్కడా కాకపోతే చివరగా కాలిపర్ నిపుల్. నిపుల్ వదిలినప్పుడే చక్రం తిరిగితే దోషం హోసులో ఉంది. నిపుల్ వదిలినా తిరగకపోతే ఆయిల్ ఒత్తిడితో సంబంధం లేదు, కాలిపర్‌లోనే ఏదో బిగుసుకుంది.

వేడెక్కిన బ్రేకు ఆయిల్ చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రమాదం, పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. ప్రతి నట్టుకూ గుడ్డ చుట్టి వదలండి. పరీక్ష పూర్తయ్యాక గాలి తీసి, పెడల్ గట్టిగా అయ్యేదాకా బండి కదపవద్దు.

5. రెండు ముందు చక్రాలూ ఒకేసారి పట్టేస్తే కాలిపర్ల జోలికి పోకండి. రెండు కాలిపర్లూ ఒకే రోజున చెడిపోవడం అరుదు. పెడల్ కింద చెయ్యి పెట్టి చూడండి. పైన కాస్త ఖాళీ ఆట ఉండాలి. మందం పాటి మ్యాటు పెడల్‌ను ఆపుతుండవచ్చు. బ్రేకు లైటు స్విచ్చును కొత్తగా వేసినప్పుడు మరీ ముందుకు బిగించి ఉండవచ్చు. మాస్టర్ సిలిండర్‌లో చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీసినప్పుడు దాని గుండానే ఆయిల్ డబ్బాలోకి తిరిగి పోవాలి. పిస్టన్ వెంట్రుకవాసి ముందుకు నిలబడినా ఆ రంధ్రం మూసుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు దారి ఉండదు, బ్రేకు తనంతట తానే పడుతుంది. పడేకొద్దీ వేడి, వేడెక్కేకొద్దీ పట్టు. చల్లారితే మళ్లీ వదిలేస్తుంది. మొదటి పాఠంలో చెప్పిన "పొద్దున్న బాగుంది" బండ్లలో చాలావాటి కథ ఇదే.

6. ఇంజను నడుస్తున్నప్పుడే పట్టు ఉండి, ఇంజను ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కగానే వదిలేస్తే బూస్టర్‌ను అనుమానించండి.

7. డబ్బాలో ఎవరైనా ఇంజను ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోశారేమో అడగండి. సిగ్గుపడి చెప్పరు, మెల్లగా అడగండి. ఖనిజ నూనె తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి, ఐదో పాఠంలోని రంధ్రాన్ని మూసేస్తాయి. డబ్బా మూత లోపలి రబ్బరు ఉబ్బి వంకర తిరిగి ఉంటే అదే గుర్తు. అప్పుడు పొదుపు పనికిరాదు. మాస్టర్ సిలిండర్, హోసులు, కాలిపర్ల లోపలి రబ్బర్లు, వెనక సిలిండర్లు, అన్నీ మార్చి, గొట్టాలు శుభ్రంగా కడగాలి. రబ్బర్లను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడవడం కూడా ఇదే పాపం.

8. కాలిపర్ దగ్గర ప్యాడ్లను చదవండి. డిస్కు బ్రేకులో వెనక్కి లాగే స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు రబ్బరే కాస్త వంగి, కాలు తీయగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాక్కుంటుంది. అది గట్టిపడినా, పిస్టన్‌కు తుప్పు పట్టినా ఆ లాగుడు పోతుంది. పిస్టన్ వైపు ప్యాడు అరిగి, బయటి ప్యాడు మందంగా ఉంటే జారే పిన్నులు బిగుసుకున్నాయి. రెండు ప్యాడ్లూ అవతలి చక్రం కంటే త్వరగా అరిగితే పిస్టనో, హోసో. గెడ్డలు దాటే ఏజెన్సీ బండ్లకు పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగి బురద చేరుతుంది. పిన్నులు శుభ్రం చేసి బ్రేకు కోసం చేసిన సిలికాన్ గ్రీజు రాయండి. బేరింగు గ్రీజు రాస్తే తొడుగులు ఉబ్బి మళ్లీ అదే తంతు. ప్యాడు చెవులు కూర్చునే చోట తుప్పు గీకండి, ప్యాడు చేతితో జారాలి. కాలిపర్‌ను విప్పాక హోసుకు వేలాడదీయవద్దు, తీగతో కమాన్‌కు కట్టండి. ఆ బరువుకు హోసు లోపలి పొర తెగుతుంది, బయటికి కనపడదు. కాలితో నెట్టినప్పుడు ఆయిల్ పోతుంది, వెనక్కి మాత్రం రాదు.

9. ఘాట్‌లో పట్టేస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి. నీళ్లు కుమ్మరించవద్దు, ఎర్రగా కాగిన డిస్కు వంకర పోతుంది, పగలనూవచ్చు. దిగేది చిన్న గేరులోనే. పాత ఆయిల్ నీటిని పీల్చుకుని ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని ప్రమాణం, నీరు పీల్చాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు అవే లెక్కలు 230, 155. పట్టేసిన బ్రేకు ఆ వేడిని సులువుగా దాటుతుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, అవతల లోయ ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరపు గాలిలో తిరిగే బండికి రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చండి.

10. హోసులు, ప్యాడ్లు, కాలిపర్ రబ్బర్లు జతగా మార్చండి. ఒకవైపే కొత్తవి వేస్తే బండి ఇంకోలా లాగుతుంది.

11. పని అయ్యాక అదే దారిలో, జబ్బు బయటపడ్డ దూరం కంటే కాస్త ఎక్కువే నడపండి. ఆపి, దిగి, రెండు ముందు చక్రాల వేడి పోల్చండి. కొద్దిపాటి వాలులో న్యూట్రల్‌లో వదిలితే బండి తనంతట కదలాలి. తేడా ఉంటే కాగితం మీద రాసుకోండి: ఏ వైపు, ఎంత దూరానికి, ఇంజను నడుస్తుండగానా, ఆపాకనా. మళ్లీ జాకీ ఎక్కించే ముందు ఆ కాగితం చూడండి.